ఇంటర్‌ప్రెటర్‌లో ఉన్న పేరే లైబ్రరీలోనూ ఉంటే: లినక్స్‌లో సింబల్ తగాదాను పట్టుకుని తీర్చడం ఎలా

లైబ్రరీని చిన్న సి టెస్ట్ ప్రోగ్రాంతో నడిపితే ఏ ఇబ్బందీ ఉండదు. అదే లైబ్రరీని పైథాన్‌లోనో, రూబీలోనో, పెర్ల్‌లోనో, అంటే స్క్రిప్టులు నడిపే ఇంటర్‌ప్రెటర్‌లో, లోడ్ చేసి మొదటి ఫంక్షన్ పిలవగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చి ప్రోగ్రాం క్రాష్ అవుతుంది. ఒక్కోసారి క్రాష్ కూడా కాదు, తప్పు జవాబు ఇచ్చి ఊరుకుంటుంది. కోడ్‌ని ఎన్నిసార్లు చదివినా తప్పు దొరకదు, ఎందుకంటే తప్పు కోడ్‌లో లేదు. మీరు రాసిన ఫంక్షన్ బదులు అదే పేరున్న ఇంకెవరిదో ఫంక్షన్ నడుస్తోంది. ఫంక్షన్లకీ, గ్లోబల్ వేరియబుల్స్‌కీ ఉండే ఇలాంటి పేర్లనే సింబల్స్ అంటారు.

ఈ మార్గదర్శి లినక్స్, జీలిబ్‌సి (లినక్స్‌లో ఎక్కువగా వాడే సి లైబ్రరీ) ఉన్న సిస్టమ్‌ల కోసం. కమాండ్లు, ఫ్లాగులు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి. పెద్దక్షరమా చిన్నక్షరమా అన్నది ముఖ్యమైన చోట చెబుతాను.

ముందు, లింకర్ పేర్లు ఎలా వెతుకుతుందో

లినక్స్‌లో ఒక షేర్డ్ లైబ్రరీ (ప్రోగ్రాం నడిచేటప్పుడు జతయ్యే డాట్ ఎస్‌ఓ ఫైల్) "నాకు హ్యాష్_ఇన్సర్ట్ అనే ఫంక్షన్ కావాలి" అని మాత్రమే రాసి పెట్టుకుంటుంది. ఏ లైబ్రరీలోని హ్యాష్_ఇన్సర్ట్ కావాలో రాసుకోదు. ఇంటిపేరు లేకుండా ఒట్టి పేరుతో పిలిచినట్టన్నమాట. ప్రోగ్రాం మొదలైనప్పుడు, ఆ పేర్లను అసలు ఫంక్షన్లకి ముడిపెట్టే డైనమిక్ లింకర్ ఒక వరుస కట్టుకుంటుంది. ముందు అసలు ఎగ్జిక్యూటబుల్, ఆ తర్వాత ఎల్‌డి_ప్రీలోడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో చెప్పినవి, ఆ తర్వాత ఎగ్జిక్యూటబుల్‌కి కావాల్సిన లైబ్రరీలు. దీన్ని గ్లోబల్ స్కోప్ అంటారు. ఈ వరుసలో ఆ పేరుతో ఎవరు ముందు కనబడితే వాళ్లే పలుకుతారు. మిగతావాళ్ల సంగతి పట్టించుకోదు, హెచ్చరిక కూడా ఇవ్వదు.

ప్రోగ్రాం నడుస్తుండగా లైబ్రరీని తెరిచే డీఎల్‌ఓపెన్ ఫంక్షన్‌తో తర్వాత లోడ్ చేసిన లైబ్రరీ విషయంలోనూ ముందు గ్లోబల్ స్కోప్‌నే వెతుకుతుంది. అక్కడ దొరక్కపోతేనే ఆ లైబ్రరీని, దాని సొంత డిపెండెన్సీలను చూస్తుంది. లైబ్రరీ తనలోనే ఉన్న ఫంక్షన్‌ని తానే పిలుచుకున్నా, ఆ పేరు బయటికి ఎక్స్‌పోర్ట్ అయి ఉంటే ఈ వెతుకులాట తప్పదు. చాలామందికి నమ్మబుద్ధి కానిది ఇదే. "ఒకే ఫైల్‌లో పక్కపక్కన ఉన్న ఫంక్షన్లు కదా" అంటారు. కానీ జీసీసీ అనే సి కంపైలర్ ఆ పిలుపుని పీఎల్‌టీ అనే పట్టిక గుండా పంపిస్తుంది, ఆ పట్టికను నింపేది డైనమిక్ లింకర్.

మామూలు ప్రోగ్రాంలో ఇది పెద్ద సమస్య కాదు, ఎగ్జిక్యూటబుల్ తన పేర్లను పెద్దగా బయటపెట్టదు కాబట్టి. ఇంటర్‌ప్రెటర్ల సంగతి వేరు. ఎక్స్‌టెన్షన్లకి, అంటే సిలో రాసి ఇంటర్‌ప్రెటర్‌లో లోడ్ చేసే మాడ్యూళ్లకి, తమ ఏపీఐ (వాళ్లు వాడుకోవాల్సిన ఫంక్షన్లు) కనబడాలి కాబట్టి పైథాన్, పెర్ల్, లువా, రూబీ అన్నీ ఎక్స్‌పోర్ట్-డైనమిక్ ఫ్లాగ్‌తో లింక్ అవుతాయి. అంటే ఇంటర్‌ప్రెటర్‌లో దాచకుండా వదిలేసిన ప్రతి పేరూ వరుసలో మొట్టమొదట నిలబడుతుంది. డెబియన్, ఉబుంటుల్లో పైథాన్ కోర్ మొత్తం ఎగ్జిక్యూటబుల్‌లోనే ఉంటుంది. వేరే చోట్ల అది ప్రత్యేక షేర్డ్ లైబ్రరీగా ఉండొచ్చు. ఏ లైబ్రరీకి ముందు ఏది లోడ్ అవుతుందన్నది దీన్నిబట్టి మారుతుంది. "నా మెషీన్‌లో బాగానే ఉంది, సర్వర్‌లో పడిపోతోంది" అనే గొడవల్లో కొన్నింటికి మూలం ఇక్కడే.

మ్యాక్‌ఓఎస్‌లో ఈ తంటా తక్కువ. అక్కడ ప్రతి పేరు పక్కన ఏ లైబ్రరీదో కూడా నమోదవుతుంది, టూ-లెవెల్ నేమ్‌స్పేస్ అంటారు. విండోస్‌లోనూ డీఎల్‌ఎల్ పేరు, ఫంక్షన్ పేరు రెండూ కలిపి రాసి ఉంటాయి. అందుకే మ్యాక్‌లో రాసి టెస్ట్ చేసిన ఎక్స్‌టెన్షన్ లినక్స్ సర్వర్ మీదకి వెళ్లాకే ఈ రోగం బయటపడుతుంది.

1. ఇది నిజంగా పేర్ల తగాదాయేనా?

ప్రతి క్రాష్‌కీ దీన్ని అనుమానిస్తే టైమ్ వృథా. కొన్ని గుర్తులున్నాయి. సొంత సి ప్రోగ్రాంలో నడిచి, ఇంటర్‌ప్రెటర్‌లో మాత్రమే పడిపోవడం ఒకటి. ఇంపోర్ట్‌ల వరుస మార్చగానే క్రాష్ మాయమవడం లేదా కొత్తగా పుట్టడం ఇంకొకటి. అన్నిటికంటే బలమైన గుర్తు జీడీబీ అనే డీబగ్గర్ చూపే బ్యాక్‌ట్రేస్‌లో, అంటే ఎవరు ఎవర్ని పిలిచారో చెప్పే జాబితాలో, కనబడుతుంది. అందులో ఒక్కో పిలుపు ఒక్కో ఫ్రేమ్. పై ఫ్రేమ్ మీ లైబ్రరీది, దాని కింద పిలిచిన ఫ్రేమూ మీదే కావాలి. కానీ మధ్యలో ఇంటర్‌ప్రెటర్ ఫంక్షనో సంబంధం లేని మూడో లైబ్రరీ ఫంక్షనో దూరి ఉంటుంది. డీబగ్ సమాచారం లేని షేర్డ్ లైబ్రరీ ఫ్రేమ్ చివర "ఫ్రమ్" అని ఉండి, ఆ తర్వాత లైబ్రరీ ఫైల్ పేరు ఉంటుంది. డీబగ్ సమాచారం ఉంటే "ఎట్" తర్వాత సోర్స్ ఫైల్ పేరు ఉంటుంది. చాలామంది ఫంక్షన్ పేరు చూసి, అది తమదేనని సరిపెట్టుకుని, ఆ ఫైల్ పేరు చదవరు. చదవండి.

ప్రోగ్రాం మొదలవగానే "సింబల్ ఫలానాది షేర్డ్ ఆబ్జెక్ట్‌లో వేరే సైజులో ఉంది, రీలింక్ చేయండి" అన్న అర్థం వచ్చే హెచ్చరిక డైనమిక్ లింకర్ నుంచి వస్తే, అది ఫంక్షన్ కాదు, గ్లోబల్ వేరియబుల్ తగాదా. ఇది ఇంకా ప్రమాదం. ఒకరి డేటా మీద ఇంకొకరు రాస్తుంటారు, క్రాష్ మాత్రం ఎక్కడో దూరంగా, చాలాసేపటి తర్వాత అవుతుంది.

2. లింకర్‌నే అడగండి

ఊహలు ఆపి సాక్ష్యం తీసుకునే అడుగు ఇది. ఎల్‌డి_డీబగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి బైండింగ్స్ అనే విలువ ఇవ్వండి. పేరంతా పెద్దక్షరాల్లో, విలువ చిన్నక్షరాల్లో ఉండాలి. దాంతోపాటు ఎల్‌డి_బైండ్_నౌ కి 1 ఇవ్వండి. ఇది లేకపోతే ఫంక్షన్‌ని మొదటిసారి పిలిచినప్పుడే బైండింగ్ జరుగుతుంది, క్రాష్ ముందే అయిపోతే మీకు కావాల్సిన లైను రాకపోవచ్చు. అవుట్‌పుట్ వేల లైన్లు వస్తుంది కాబట్టి ఎల్‌డి_డీబగ్_అవుట్‌పుట్‌కి ఒక ఫైల్ పేరు ఇవ్వండి. ఆ పేరు చివర ప్రాసెస్ నంబర్ చేరి ఫైల్ తయారవుతుంది.

ఇప్పుడు పైథాన్‌తో మీ మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేసి, ఆ ఫైల్‌లో మీ లైబ్రరీ పేరు కోసం గ్రెప్ కొట్టండి. ప్రతి లైనూ ఇదే మాట చెబుతుంది: "బైండింగ్ ఫైల్ ఫలానాది టు ఫలానాది, నార్మల్ సింబల్ ఫలానాది". మొదటి ఫైల్ అడిగినది, రెండోది దొరికినది. మీ లైబ్రరీ తన సొంత ఫంక్షన్‌ని అడిగిన చోట రెండో ఫైల్‌గా పైథాన్ ఎగ్జిక్యూటబుల్ కనబడిందంటే దొంగ దొరికినట్టే.

వరుస ఎందుకు అలా ఏర్పడిందో తెలియాలంటే అదే వేరియబుల్‌కి స్కోప్స్ అని ఇస్తే, ప్రతి లైబ్రరీ ఏయే ఫైళ్లను ఏ వరుసలో వెతుకుతుందో వస్తుంది. ఒక్క మాట: ఆల్పైన్ డాకర్ ఇమేజ్‌లో ఇవేవీ పనిచేయవు. అక్కడున్నది జీలిబ్‌సి కాదు, మజల్ అనే వేరే సి లైబ్రరీ, ఎల్‌డి_డీబగ్ దానికి తెలియదు. వీలైతే సమస్యను డెబియన్ ఇమేజ్‌లో మళ్లీ పుట్టించి అక్కడ చూడండి.

3. రెండువైపులా ఉన్న పేర్ల జాబితా తీయండి

ఒక పేరు దొరికిందని అక్కడితో ఆగొద్దు. ఒకటి కలిస్తే ఇంకో నాలుగు కలిసే అవకాశం ఎక్కువ, ఎందుకంటే తరచుగా రెండువైపులా ఒకే పాత సోర్స్ ఫైల్ కాపీ అయి ఉంటుంది. ఫైల్‌లోని సింబల్స్ జాబితా ఇచ్చే ఎన్ఎమ్ కమాండ్‌ని పెద్ద డి ఫ్లాగ్‌తో, డిఫైన్డ్-ఓన్లీ అనే ఆప్షన్‌తో ఇంటర్‌ప్రెటర్ మీద నడపండి. మళ్లీ మీ లైబ్రరీ మీద నడపండి. రెండింటిలో పేర్ల కాలమ్ మాత్రం తీసి, సార్ట్ చేసి, కామ్ కమాండ్‌కి -12 ఫ్లాగ్ ఇచ్చి పోల్చండి. రెండింటిలోనూ ఉన్న పేర్లే మిగులుతాయి. స్ట్రిప్ చేసిన (నడవడానికి అక్కర్లేని పేర్లు తీసేసిన) బైనరీ అయినా ఫర్వాలేదు, డైనమిక్ సింబల్ పట్టిక స్ట్రిప్‌కి పోదు.

ఇనిట్, ఫిని, ఎండ్, ఈడేటా, బీఎస్‌ఎస్_స్టార్ట్ లాంటి అండర్‌స్కోర్ పేర్లు కనబడితే వదిలేయండి, అవి లింకర్, సి స్టార్టప్ ఫైళ్లు పెట్టినవి. సి++ లైబ్రరీ అయితే డబ్ల్యూ గుర్తుతో వందల కొద్దీ వీక్ సింబల్స్ (ఒకటికంటే ఎక్కువ కాపీలున్నా లింకర్ ఒప్పుకునేవి) కలుస్తాయి. చాలావరకు టెంప్లేట్ల కాపీలు. రెండువైపులా ఒకే వెర్షన్ హెడర్లతో కంపైల్ అయి ఉంటే హాని లేదు, వేర్వేరు వెర్షన్లయితే అవే అసలు సమస్య కావొచ్చు. మిగిలిన వాటిలో టి గుర్తు ఫంక్షన్లకి, డి, బి గుర్తులు డేటాకి. డేటా పేర్లు ముందు చూడండి.

4. చిన్న నమూనాలో పుట్టించి చూడండి

తొందరలో ఉన్నవాళ్లు దీన్ని దాటేయొచ్చు. కానీ పది నిమిషాలు పెడితే ఆ తర్వాత ఏ ఫ్లాగ్ ఏం చేస్తుందో చేతికి తెలుస్తుంది. మినీ.సి లో హ్యాష్_ఇన్సర్ట్ అనే ఫంక్షన్ రాసి, "ఇంటర్‌ప్రెటర్‌ది" అని ప్రింట్ చేయించండి. మెయిన్‌లో డీఎల్‌ఓపెన్‌తో లిబ్‌డిక్ట్ లైబ్రరీని తెరిచి, అందులోని డిక్ట్_యాడ్‌ని పిలవండి. డిక్ట్.సి లో డిక్ట్_యాడ్ ఉండాలి, అది తన ఫైల్‌లోనే ఉన్న ఇంకో హ్యాష్_ఇన్సర్ట్‌ని పిలవాలి, అది "లైబ్రరీది" అని ప్రింట్ చేయాలి. మినీని ఆర్‌డైనమిక్ ఫ్లాగ్‌తో, డిక్ట్‌ని షేర్డ్, ఎఫ్‌పిక్ ఫ్లాగులతో జీసీసీలో కంపైల్ చేయండి. నడిపితే "ఇంటర్‌ప్రెటర్‌ది" అని వస్తుంది. ఆర్‌డైనమిక్ తీసేస్తే "లైబ్రరీది".

క్లాంగ్ అనే ఇంకో కంపైలర్‌తో ఆప్టిమైజేషన్ పెట్టి కంపైల్ చేస్తే ఒక్కోసారి సమస్యే కనబడదు. ఎక్స్‌పోర్ట్ అయిన ఫంక్షన్‌ని కూడా క్లాంగ్ అక్కడికక్కడే ఇన్‌లైన్ చేసేస్తుంది, అంటే పిలుపు బదులు ఫంక్షన్ కోడ్‌నే అక్కడ పెట్టేస్తుంది. జీసీసీ మామూలుగా ఆ సాహసం చేయదు, మధ్యలో ఎవరైనా ఆ పేరు ఆక్రమించుకునే హక్కుని గౌరవిస్తుంది. ఆ గౌరవానికి ఖరీదు కూడా ఉంది. ఫెడోరా 32లో పైథాన్‌ని షేర్డ్ లైబ్రరీగా కంపైల్ చేసేటప్పుడు ఆ హక్కుని పట్టించుకోవద్దని చెప్పే నో-సెమాంటిక్-ఇంటర్‌పొజిషన్ ఫ్లాగ్ పెడితే, పనిని బట్టి 5 నుంచి 27 శాతం వేగం పెరిగిందని వాళ్లు ప్రకటించారు.

5. లైబ్రరీ మీదైతే: దాచండి

నా సలహా అన్నిటికంటే ముందు ఇదే. పేరు మార్చడం, డీఎల్‌ఓపెన్ ఫ్లాగులతో కుస్తీ పట్టడం తర్వాత. పేరు బయటికే కనబడకపోతే ఆ పేరు కోసం డైనమిక్ లింకర్ వెతకదు. లింక్ చేసేటప్పుడే పిలుపు నేరుగా మీ ఫంక్షన్‌కి ముడిపడిపోతుంది. మీ పేరు పక్క లైబ్రరీల మీద పడకుండానూ ఉంటుంది. దెబ్బ తినరు, ఇంకొకరిని కొట్టరు.

ఒకే ఫైల్‌లో వాడుకునే ఫంక్షన్లకి స్టాటిక్ పెట్టండి. మిగతావాటికి కంపైలర్‌కి ఎఫ్‌విజిబిలిటీ=హిడెన్ ఫ్లాగ్ ఇచ్చి, బయటికి కావాల్సిన ఒకటి రెండు ఫంక్షన్లకి మాత్రం విజిబిలిటీ డిఫాల్ట్ అనే ఆట్రిబ్యూట్ రాయండి. పైథాన్ ఎక్స్‌టెన్షన్‌కి బయట కనబడాల్సింది నిజానికి ఒక్క ఫంక్షనే: పైఇనిట్_ తర్వాత మాడ్యూల్ పేరు. రూబీకి ఇనిట్_, పెర్ల్‌కి బూట్_ తో మొదలయ్యేది.

సోర్స్ ముట్టుకోకుండా ఇదే పని చేయాలంటే వెర్షన్ స్క్రిప్ట్ ఉంది. చిన్న టెక్స్ట్ ఫైల్‌లో గ్లోబల్ కింద ఆ ఒక్క పేరు, లోకల్ కింద నక్షత్రం గుర్తు రాసి, లింకర్‌కి వెర్షన్-స్క్రిప్ట్ ఆప్షన్‌గా ఇవ్వాలి. పెద్ద ప్రాజెక్టుల్లో నేను దీన్నే ఇష్టపడతాను. ఏది బయటికి వెళ్తుందో ఒకే చోట కనబడుతుంది, కొత్తగా చేరినవాడు పొరపాటున స్టాటిక్ మరిచిపోయినా లీక్ కాదు.

మీ ఎక్స్‌టెన్షన్‌లో వేరేవాళ్ల స్టాటిక్ లైబ్రరీని, అంటే డాట్ ఏ ఫైల్‌ని కలుపుకుంటున్నారా? వాళ్లు హిడెన్ పెట్టకుండా కంపైల్ చేసి ఉంటే వాళ్ల పేర్లన్నీ మీ లైబ్రరీ గుండా బయటపడతాయి. ఎక్స్‌క్లూడ్-లిబ్స్ అనే లింకర్ ఆప్షన్‌కి ఆల్ అని ఇస్తే అవన్నీ లోపలే ఉండిపోతాయి. ఆల్ పెద్దక్షరాల్లో రాయాలి.

బీసింబాలిక్ అనే ఫ్లాగ్ గురించి చాలాచోట్ల చదువుతారు. లైబ్రరీ తన పిలుపులకి ముందు తనలోనే వెతుక్కునేలా చేస్తుంది, నిజమే. కానీ పేర్లు బయటికి ఎక్స్‌పోర్ట్ అవుతూనే ఉంటాయి, సగం సమస్యే తీరుతుంది. పైగా గ్లోబల్ వేరియబుల్స్ విషయంలో ఎగ్జిక్యూటబుల్ ఒక కాపీ, లైబ్రరీ ఇంకో కాపీ చూసే ప్రమాదం ఉంది. వాడక తప్పకపోతే ఫంక్షన్లకి మాత్రమే వర్తించే బీసింబాలిక్-ఫంక్షన్స్ వాడండి.

6. లైబ్రరీ మీది కాకపోతే

సోర్స్ దొరికితే పేర్లకి ఇంటిపేరు తగిలించడం పాత, నమ్మకమైన దారి. పైథాన్ తనతో తెచ్చుకునే ఎక్స్‌పాట్ అనే ఎక్స్ఎంఎల్ లైబ్రరీకి ఇదే చేశారు. ఒకప్పుడు అపాచీ సర్వర్‌లో ఒక ఎక్స్‌పాట్, దాని లోపల నడిచే పైథాన్‌లో ఇంకో వెర్షన్ ఎక్స్‌పాట్ ఉండి, ఎక్స్ఎంఎల్ మాడ్యూల్ ఇంపోర్ట్ చేయగానే అపాచీ ప్రాసెస్ పడిపోయేది. ఇప్పుడు పైథాన్ సోర్సులో పైఎక్స్‌పాట్‌ఎన్ఎస్ అనే హెడర్ ఉంటుంది. అందులో ఉన్నవన్నీ డిఫైన్ లైన్లే, ఎక్స్ఎంఎల్_పార్సర్‌క్రియేట్ లాంటి ప్రతి పేరుకీ ముందు పైఎక్స్‌పాట్_ చేరుస్తాయి. కోడ్‌లో ఇంకేదీ మార్చక్కర్లేదు, ఆ హెడర్ ముందు చేరితే చాలు.

సోర్స్ లేకుండా డాట్ ఏ ఫైల్ మాత్రమే ఉంటే ఆబ్జ్‌కాపీ కమాండ్‌కి రీడిఫైన్-సిమ్స్ ఆప్షన్ ఇచ్చి, పాత పేరు కొత్త పేరు జతల ఫైల్ అందించండి. తయారైపోయిన డాట్ ఎస్‌ఓ ఫైల్ మీద ఆబ్జ్‌కాపీ ఈ పని చేయలేదు, డైనమిక్ పట్టికను అది ముట్టదు.

డాట్ ఎస్‌ఓ మాత్రమే ఉంటే మిగిలింది డీఎల్‌ఓపెన్ ఫ్లాగులు. ఆర్‌టీఎల్‌డీ_డీప్‌బైండ్ ఇస్తే వరుస తిరగబడుతుంది: ముందు ఆ లైబ్రరీ, దాని డిపెండెన్సీలు, తర్వాతే గ్లోబల్ స్కోప్. పైథాన్‌లో సిస్ మాడ్యూల్‌లోని సెట్‌డీఎల్‌ఓపెన్‌ఫ్లాగ్స్‌కి ఓఎస్ మాడ్యూల్‌లోని ఆర్‌టీఎల్‌డీ_నౌ, ఆర్‌టీఎల్‌డీ_డీప్‌బైండ్ రెండూ కలిపి ఇచ్చి, ఆ ఒక్క ఇంపోర్ట్ చేసి, వెంటనే పాత ఫ్లాగులు తిరిగి పెట్టేయండి. పీహెచ్‌పీ తన ఎక్స్‌టెన్షన్లను జీలిబ్‌సి మీద ఈ ఫ్లాగ్‌తో లోడ్ చేస్తూ వచ్చింది. అయినా నేను దీన్ని చివరి మందుగానే చూస్తాను. జెమాలక్ లాంటి వేరే అలొకేటర్‌ని (మెమరీ కేటాయించే లైబ్రరీని) ఎగ్జిక్యూటబుల్‌లోనే లింక్ చేసిన చోట, డీప్‌బైండ్ లైబ్రరీ మాత్రం సి లైబ్రరీ మాలక్‌ని వాడుతుంది. ఒకరు ఇచ్చిన మెమరీని ఇంకొకరు విడిపించబోతే మళ్లీ క్రాషే. మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ అయితే ఈ ఫ్లాగ్ చూడగానే నడవనంటుంది. మజల్‌లో ఈ ఫ్లాగే లేదు.

ఇంకొన్ని సందర్భాల్లో రెండూ కలిసి నడవవని ఒప్పుకోవడమే పరిష్కారం. పీహెచ్‌పీలో రీకోడ్ ఎక్స్‌టెన్షన్‌ని ఐమ్యాప్‌తో, మైఎస్‌క్యూఎల్‌తో కలిపి కాన్ఫిగర్ చేయబోతే కుదరదని ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేది. చివరికి 7.4లో రీకోడ్‌ని కోర్ నుంచి బయటికి పంపేశారు. మీకూ అలాంటి జంట తగిలితే రెండింటినీ వేర్వేరు ప్రాసెస్‌లలో నడపండి. నెమ్మదే కానీ రాత్రి నిద్ర పడుతుంది.

7. పేరు ఒకటే, లోపల అంకెల సైజు వేరు

దీన్ని విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ రెండు ఫంక్షన్లూ ఒకే పని చేస్తాయి. బ్లాస్, లాప్యాక్ అనే గణిత లైబ్రరీల్లో డీజెమ్ అనే మ్యాట్రిక్స్ గుణకారం పేరు అందరికీ ఒకటే. కానీ కొన్ని బిల్డ్‌లలో పూర్ణాంకాలు 32 బిట్లు, కొన్నింటిలో 64 బిట్లు. జూలియా భాష 64 బిట్ల ఓపెన్‌బ్లాస్ (బ్లాస్‌లో ఒక రకం) వాడుతుంది. అదే ప్రాసెస్‌లోకి పైథాన్ గణిత లైబ్రరీ నమ్‌పై వచ్చి, 32 బిట్లు అనుకుని అదే పేరు పిలిస్తే చిక్కే. అందుకే జూలియా వాళ్లు తమ ఓపెన్‌బ్లాస్ పేర్లన్నిటి చివర 64_ తగిలించారు. మ్యాట్‌ల్యాబ్‌లో మెక్స్ ఫైళ్లు (దాని ఎక్స్‌టెన్షన్లు) రాసేవాళ్లకీ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది, దాని బ్లాస్ కూడా 64 బిట్లే. ఇలాంటి చోట పేరు కలిసిందా అని మాత్రమే కాదు, ఆర్గ్యుమెంట్ల సైజు కలిసిందా అని కూడా చూడాలి.

8. ఇంటర్‌ప్రెటరే మీదైతే

సొంత స్క్రిప్టింగ్ భాష రాసేవాళ్లు, లువాని తమ ప్రోగ్రాంలో పొదిగేవాళ్లు ఈ వరుసలో మొదట నిలబడేది తామేనని గుర్తుంచుకోవాలి. ప్రతి పేరుకీ ప్రిఫిక్స్ పెట్టండి. రూబీ హ్యాష్ పట్టిక ఫంక్షన్లు ఎస్‌టీ_ అనే రెండక్షరాల ప్రిఫిక్స్‌తో ఉండేవి. అదే పాత ఎస్‌టీ కోడ్ వేరేచోట్ల కూడా ఉంది. ఇప్పుడు రూబీ హెడర్ వాటిని ఆర్‌బీ_ఎస్‌టీ_ గా మార్చేస్తుంది. లువా తన అంతర్గత ఫంక్షన్లకి ఒక మాక్రో ద్వారా విజిబిలిటీ తగ్గించేస్తుంది. ఇది చూసి నేర్చుకోవాల్సిన పని.

అందరికంటే తెలివైన దారి టీసీఎల్ అనే స్క్రిప్టింగ్ భాషది. 8.1 నుంచి అక్కడ స్టబ్స్ పద్ధతి ఉంది. ఎక్స్‌టెన్షన్ టీసీఎల్ ఫంక్షన్లను పేరుతో వెతకదు. లోడ్ అవగానే టీసీఎల్_ఇనిట్‌స్టబ్స్‌ని పిలిస్తే ఫంక్షన్ పాయింటర్ల పట్టిక చేతికి వస్తుంది, ఆ తర్వాత అన్నీ ఆ పట్టిక గుండానే. పేర్ల వెతుకులాటే లేనప్పుడు తగాదా ఎక్కడిది!

9. దాచకూడనివీ ఉన్నాయి

హిడెన్ ఫ్లాగ్ రుచి చూశాక అన్నీ దాచేయాలనిపిస్తుంది. ఇంటర్‌ప్రెటర్ కోర్‌ని మాత్రం ఎక్స్‌టెన్షన్ లోపల స్టాటిక్‌గా కలిపి దాచొద్దు. ఒకే ప్రాసెస్‌లో రెండు కోర్‌లు పడతాయి, ఒకదాని ఆబ్జెక్టులు ఇంకోదానికి అర్థం కావు. లువా 5.1లో ఖాళీ టేబుళ్లన్నీ ఒక స్టాటిక్ డమ్మీ నోడ్‌ని చూపిస్తాయి. రెండు లువా కాపీలు ఉంటే ఒక కాపీ రెండోదాని డమ్మీ నోడ్‌ని గుర్తుపట్టక, దాన్ని విడిపించబోయి పడిపోయేది. 5.2, 5.3 వెర్షన్లలో "మల్టిపుల్ లువా వీఎమ్స్ డిటెక్టెడ్" అని ముఖాన చెప్పే తనిఖీ ఉంది. ఆ మెసేజ్ వస్తే తనిఖీని తీసేయడానికి దారి వెతకొద్దు, లింక్ లైన్‌లోంచి లువా స్టాటిక్ లైబ్రరీని తీసేయండి. పైథాన్ 3.8 నుంచి యూనిక్స్‌లో ఎక్స్‌టెన్షన్లు లిబ్‌పైథాన్‌కి అసలు లింకే కావు, ఆండ్రాయిడ్, సిగ్‌విన్ తప్ప. ఆ పేర్లు ఇంటర్‌ప్రెటర్ నుంచే రావాలి.

10. తీరిందని ఎలా తెలుస్తుంది

క్రాష్ ఆగిందంటే సమస్య తీరిందని కాదు, మెమరీలో వస్తువుల చోటు మారి తప్పించుకుని ఉండొచ్చు. ఎన్ఎమ్ మళ్లీ నడపండి. వెర్షన్ స్క్రిప్ట్ పనిచేస్తే మీ ఎక్స్‌టెన్షన్‌లో డిఫైన్ అయిన పేరు ఒక్కటే కనబడాలి. ఎల్‌డి_డీబగ్ బైండింగ్స్ మళ్లీ తీయండి. తగాదా పేరుకి మీ లైబ్రరీ అడిగిన లైను ఇప్పుడు అసలు ఉండకూడదు. వేరే ఫైల్‌కి బదులు మీ ఫైల్‌కే బైండ్ అయినట్టు కనబడితే దాపరికం పనిచేయలేదని అర్థం, ఈసారి వరుస కలిసొచ్చింది అంతే. తర్వాత ఇంపోర్ట్ వరుసను రెండువిధాలా మార్చి నడపండి. స్టాటిక్ కోర్ ఉన్న ఉబుంటు పైథాన్‌తో ఒకసారి, షేర్డ్ కోర్‌తో బిల్డ్ చేసిన పైథాన్‌తో ఒకసారి టెస్ట్ చేయండి.

చివరగా ఆ ఎన్ఎమ్ తనిఖీని బిల్డ్ స్క్రిప్ట్‌లోనే పెట్టేయండి. అనుమతించిన పేర్ల ఫైల్ ఒకటి రిపోజిటరీలో ఉంచి, ఎన్ఎమ్ అవుట్‌పుట్‌తో డిఫ్ చేసి, తేడా వస్తే బిల్డ్ ఫెయిల్ అయ్యేలా చేస్తే చాలు. రెండు లైన్ల షెల్ స్క్రిప్ట్ పని అది.